గడిచిన ఏడు రోజులు

జులై 9, 2025, బుధవారం

ఈ రోజు మా ఇంటికి సర్వే వచ్చింది! ముప్ఫై ఆరేళ్లు ఊళ్లు పట్టుకు తిరిగి అందరి తలుపులూ నేను కొట్టాను. రిటైరైన మూడేళ్లకు నా తలుపు ఎవరో కొట్టారు. పెళ్లివారు వచ్చినంత సంబరపడ్డాను.

వచ్చిన అమ్మాయి పేరు స్వర్ణ. మెడలో కార్డు, చేతిలో ట్యాబ్. నాలుగేళ్లు అశోక్‌నగర్‌లో గ్రూప్స్ పరీక్షలకి చదివి, ఉద్యోగం రాక, ఈ కాంట్రాక్టు ఉద్యోగంలో చేరిందట. "సార్, ఉపాధి సర్వే. మీ ఇల్లు ఎంపికైంది. నాలుగు నెలలు వరుసగ, నెలకొక్కసారి వస్త," అంది. "నాకు చెబుతున్నావా అమ్మా, రా, కూర్చో," అన్నాను. గణాంకాల శాఖలో పని చేశానని చెప్పేసరికి పాపం ఆ పిల్ల కుర్చీ అంచుకు జరిగి కూర్చుంది.

ఆమెను ప్రశ్నలు అడగనిస్తేగా! ప్రశ్న సగంలో ఉండగానే జవాబు చెప్పేశాను. మా వృత్తిలో ఎంతటి మనిషైనా చివరికి రెండంకెల కోడ్‌లోకి రావాలి. "నేను శ్రీరామమూర్తి, అరవై మూడు, పింఛనుదారు. తొంభై నాలుగు వేసుకో. మా ఆవిడ సుబ్బులు, యాభై ఎనిమిది. తొంభై రెండు."

తొంభై రెండు అంటే ఇంటి పని తప్ప వేరే పని ఏదీ లేని మనిషి.

స్వర్ణ వంటింటి వైపు చూసింది. అక్కడ సుబ్బులుకు సాయం చేసే ఆశమ్మ పెద్ద మూకుడులో కందిపప్పు వేయిస్తోంది. సుబ్బులు ఎండుమిరపకాయలు వేయించి దించినట్టుంది, ఆ అమ్మాయి రెండుసార్లు తుమ్మింది. "సార్, మేడంని ఒక్కసారి అడుగుత. గడిచిన ఏడు రోజులల్ల ఒక్క గంటైన ఏమన్న పని..."

"ఏం లేదమ్మా. ఇంట్లోనే ఉంటుంది. ఏవో పొడులు కొడుతుంది, కాలక్షేపానికి."

"అమ్ముతరా సార్?"

"తెలిసిన హాస్టల్ పిల్లలకు. అదొక వ్యాపారమా!"

స్వర్ణ మళ్లీ వంటింటి వైపు చూసి, తొంభై రెండు నొక్కింది. ఇరవై నిమిషాల్లో పని పూర్తయింది. నా రోజుల్లో ఇదే ప్రశ్నల షెడ్యూలుకు గంట పట్టేది. మంచి జవాబుదారు దొరికితే పని ఇలా సాగాలి. వెళ్లేటప్పుడు సుబ్బులు ఆ పిల్లకు టీ ఇచ్చి, కరివేపాకు కారం పొట్లం చేతిలో పెట్టింది.

సాయంత్రం సుబ్బులు అడిగింది. "ఏమండీ, తొంభై రెండు అంటే ఏంటి?"

చెప్పాను.

"ఓహో," అంది.

జులై 10, గురువారం

సుబ్బులు ఈ రోజు పెద్దగా మాట్లాడలేదు. ముసురు కదా, తలనొప్పి అయి ఉంటుంది.

జులై 13, ఆదివారం

తలనొప్పి కాదు.

అలిగిందని కూడా అనలేను. అడిగితే జవాబు చెబుతుంది. "భోంచేశావా?" అంటే "చేశాను." "కూర ఏంటి?" అంటే "దొండకాయ." అంతే. ఇదివరకు దొండకాయ అంటే దొండకాయతో ఆగేదా! ఆ దొండకాయలు అమ్మిన మనిషి, అతను బండిని ముషీరాబాద్ నుంచి తోసుకొచ్చే దారి, ఆ దారిలో తవ్విన గొయ్యి, ఆ గోతిలో పడిన స్కూటరతను, అతని భార్య మన మేనకోడలు నాగశ్రీ క్లాస్‌మేట్ అని తేలడం. నేను కూర కలుపుకునేటప్పుడు మొదలైతే మజ్జిగ దాకా వచ్చేది. ముప్ఫై నాలుగేళ్లు ఆ కబుర్లతోనే అన్నం తిన్నాను. ఇప్పుడు అడిగిన దానికి మాత్రమే జవాబు ఇస్తోంది, సర్వేలో జవాబుదారులు ఇచ్చినట్టు. "తెలియదు", "లేదు", "వర్తించదు".

ఆశమ్మ బోనాలకని రెండు రోజులు సెలవు పెట్టింది. పాలమూరు నుంచి మేస్త్రీ పనికి వచ్చి, నడుం నొప్పితో అది మానేసి, పదకొండేళ్లుగా సుబ్బులు దగ్గర చేస్తోంది. ఆమె ఉంటే వంటింట్లో మాటలైనా వినపడేవి.

రెండు రోజుల్లో సర్దుకుంటుందిలే.

జులై 17, గురువారం

సర్దుకోలేదు. పొద్దున కాఫీ ఇస్తూ తనంతట తానే మాట్లాడింది. ఆశపడ్డాను.

"నారాయణగూడలో అద్దెకు షట్టర్ చూశాను. శ్రావణ శుక్రవారం నాడు మొదలుపెడుతున్నాం, నేనూ ఆశమ్మా."

"ఏం మొదలు?"

"పొడులు."

"ఎందుకు? ఇల్లుందిగా."

"ఇంట్లో కనపడటం లేదుగా."

నేను నవ్వాను. తను నవ్వలేదు.

జులై 18, శుక్రవారం

ఒక్క అంకె గురించి ఇంత పట్టుదల అవసరమా? నన్ను తొంభై నాలుగు అన్నారు, నేనేమైనా అన్నానా?

జులై 21, సోమవారం

లైబ్రరీలో రోజంతా నా పట్టిక పని. 1901 నుంచి మొన్నమొన్నటి దాకా ఈ దేశపు జనాభా, ఉత్పత్తి, ఉపాధి, మూడూ పక్కపక్కన, ఒకే చోట, తెలుగులో. అశోక్‌నగర్ పిల్లలు నన్ను 'డేటా సార్' అంటారు. పదో పేజీ నోట్సు అడగడానికి వచ్చి వందేళ్ల కథ విని పోతారు. 1921 ఒక్కటే జనాభా తగ్గిన లెక్క. 1911 నుంచి ఆ పదేళ్లలో రోగాలూ కరువూ ఎంత మందిని తీసుకుపోయాయో చెబితే పెన్ను ఆపి వింటారు.

ఉత్పత్తి వరస బాగుంది. జనాభా వరస బాగుంది. ఉపాధిలో ఆడవాళ్ల వరసే గుంతలు పడ్డ రోడ్డులా ఉంది. దాని సంగతి రేపు చూడాలి.

ఆగస్టు 1, శుక్రవారం

షట్టర్ తెరిచారు. మూకుళ్లు, డబ్బాలు, సీలింగ్ మెషీన్, కాటా అన్నీ ఒక ట్రాలీ ఆటోలో వెళ్లిపోయాయి. వంటింట్లో మూలన డబ్బాలు ఉన్న చోట గుండ్రటి మరకలు మిగిలాయి, పదిహేడు. బోర్డు మీద 'సుబ్బులు పొడులు' అని రాయించిందట. నన్ను రమ్మనలేదు. వద్దనీ అనలేదు. పట్టిక పని ఉండి నేనే వెళ్లలేదు.

ఆగస్టు 2, శనివారం

ఇల్లు ప్రశాంతంగా ఉంది.

ఆగస్టు 4, సోమవారం

ఇల్లు ప్రశాంతంగా ఉంది. మూడు గంటలు ఏకధాటిగా పని చేసుకున్నాను. ఘాటు లేదు, తుమ్ములు లేవు, హాస్టల్ వాళ్ల ఫోన్లు లేవు.

ఆగస్టు 6, బుధవారం

ప్రశాంతంగానే ఉంది. ఎదురింటి కుక్కర్ ఏడు కూతలు కూసింది. పప్పుకి ఏడు ఎక్కువ.

ఆగస్టు 12, మంగళవారం

స్వర్ణ రెండోసారి వచ్చింది. సుబ్బులు షాపులో ఉంది. ఈసారి నిజాయితీగా చెప్పాను. "మా ఆవిడ షాపు పెట్టిందమ్మా. వ్యాపారం."

"మంచిది సార్. గడిచిన ఏడు రోజులల్ల ఏ రోజు ఎన్ని గంటలు పని చేసిండ్రు?"

"పొద్దున వెళ్తుంది, సాయంత్రం వస్తుంది."

"అంటే ఎన్ని గంటలు సార్? రోజువారీగ కావాలె."

తెలియదు.

"ఒక్క ఆశమ్మనేనా, ఇంకెవరన్న ఉన్నరా పనికి?"

తెలియదు.

"పొడులు కొట్టుడు ఎప్పటిసంది? మొన్నటిసందా, అంతకు ముందుగాల నుంచా?"

ఇది తెలుసు. పందొమ్మిదేళ్లు. పై వాటాలో అద్దెకున్న గ్రూప్స్ కుర్రాళ్లు హాస్టల్ కూర తినలేక కందిపొడి అడిగితే మొదలైంది. "పందొమ్మిదేళ్లు" అన్నాను. స్వర్ణ ట్యాబ్ మీద నుంచి తలెత్తి నన్ను చూసింది. పోయిన నెల ఈ నోటితోనే కాలక్షేపం అన్నాను మరి.

"సార్, మీరు మా సార్లకే సారు. తెల్వదంటే ఎట్ల?" అంది నవ్వుతూ. సుబ్బులుకు ఫోన్ చేసింది. ఎత్తలేదు. పొడి పడుతున్నారేమో, ఆ మోతకు వినపడి ఉండదు. "పర్వాలేదు, పోతపోత షాప్ కాడ ఆగి మేడంనే అడుగుత," అని లేచింది.

ఒకే వంటింటి కూడు తినేవాళ్లంతా ఒక కుటుంబం. ఇది మా నిర్వచనం, నిద్రలో లేపి అడిగినా చెబుతాను. ఆ వంటింట్లో ఏం జరుగుతోందో మాత్రం చెప్పలేకపోయాను. సిగ్గేసింది.

ఆగస్టు 14, గురువారం

లైబ్రరీలో శ్రీలక్ష్మి అనే అమ్మాయి నా గుంతల రోడ్డు గురించి అడిగింది. వికారాబాద్ వైపు పిల్ల, మూడేళ్లుగా చదువుతోంది. 1961లో వంద మంది ఆడవాళ్లలో ఇరవై ఎనిమిది మంది పని చేస్తున్నట్టు జనాభా లెక్క. 1971కి అది ఇంచుమించు సగమైంది. "పదేండ్లల్ల సగం మంది పని బంజేసిండ్రా సార్?"

ఈ ప్రశ్న కోసమే పుట్టినట్టు చెప్పాను. ఎవరూ మానలేదమ్మా, ప్రశ్న మారింది. 1971లో మనిషిని ముందుగా నీ ముఖ్యమైన పని ఏది అని అడిగారు. ఇంటిపని అంటే అక్కడికే లెక్క ఆగింది. పొలంలో చేసింది, పాలు పిండి అమ్మింది, బుట్టలల్లింది వెనక్కిపోయాయి. దేశం మారకుండానే లెక్క మారింది.

నా వివరణకు నేనే మురిసిపోతుంటే ఆ పిల్ల అడిగింది. "మరి ఆ జవాబులు ఎవరు చెప్పిండ్రు సార్?"

"కుటుంబ పెద్ద."

"అంటే ఆ ఆడోళ్లను ఎవరు అడగనే లేదా?"

టీ తాగొస్తానని లేచాను. టీ తాగలేదు. మెట్ల మీద కూర్చున్నాను.

ముప్ఫై ఆరేళ్లలో ఎన్ని అరుగుల మీద కూర్చున్నాను! మంచం వాల్చి, మంచినీళ్లిచ్చి, మగమనిషి ఎదురుగా కూర్చునేవాడు. లోపల్నుంచి ఏవేవో వాసనలు, దంచుతున్న చప్పుళ్లు వస్తుండేవి. "మీ ఆవిడ?" అంటే "అది ఇంట్లోనే సార్." నేను రాసుకునేవాణ్ని. గడప దాటి ఒక్కసారైనా లోపలికి తొంగి చూశానా? లేదు. నేను వేసిన తొంభై రెండుల్లో ఎంతమంది సుబ్బులు ఉన్నారో ఇప్పుడు ఏ దేవుడూ చెప్పలేడు. నా సొంత ఇంట్లో వాసన కాదు, మనిషే ఎదురుగా ఉంది. అయినా అదే రాయించాను. తప్పు చేశాను.

ఆగస్టు 18, సోమవారం

తప్పు దిద్దుకోవడానికి నాకు తెలిసిన దారి ఒక్కటే, క్షేత్ర పరిశీలన. సుబ్బులు షట్టర్‌కి ఎదురుగా విఠల్ అనే అతని టీ హోటల్ ఉంది. పొద్దున ఆరున్నరకల్లా కిటికీ పక్క బల్ల పట్టాను. 6:50కి షట్టర్ లేచింది. నోట్‌బుక్కులో రాసుకున్నాను.

ఆగస్టు 20, బుధవారం

విఠల్‌కి అనుమానం వచ్చింది. "ఏం సార్, మూడు రోజులసంది చూస్తున్న. గా షాప్ దిక్కే చూసుడు, రాసుడు. ఫుడ్ ఇన్‌స్పెక్టరా?"

"కాదయ్యా. ఆమె మా ఆవిడ."

అతను నన్ను పైనుంచి కిందికి చూశాడు. "మరి లోపలికి పోరాదు సార్?"

ఇంకో టీ చెప్పాను. ఇది ఆరోది.

ఆగస్టు 23, శనివారం

దొరికిపోయాను. ఆశమ్మ రోడ్డు దాటి వచ్చింది. "సార్, మేడం పిలుస్తున్నరు. మొదటి దినమే చూసింది మిమ్మల్ని. పోనీలే, చాయ్ తాగనియ్యి అన్నది."

లోపలికి వెళ్లాను. షాపులోకి వెళ్లడం ఇదే మొదటిసారి. సుబ్బులు పొట్లాలు సీల్ చేస్తూనే అడిగింది. "లెక్క తేలిందా?"

"ఆరు రోజులకు అరవై ఒకటిన్నర గంటలు."

"ఇంటి పని కలిపారా?"

"లేదు."

"కలపండి."

ఇంటికొచ్చి కలిపాను. పొద్దున వంట, సాయంత్రం వంట, గిన్నెలు, బట్టలు, నా కాఫీలు నాలుగు. ఎటు చూసినా తొంభైకి తగ్గడం లేదు. నా ఉద్యోగంలో వారానికి నలభై గంటలు, అందులో టీలు, కబుర్లు, పేపరు. ఇంటికొచ్చి అలసిపోయానని పడక కుర్చీలో వాలేవాణ్ని.

ఆగస్టు 25, సోమవారం

ఈ రోజు పిలవకుండానే షాపుకు వెళ్లాను. పనేమైనా ఉందా అంటే సుబ్బులు లేబుళ్ల కట్ట ఇచ్చింది. పొడి పేరు, బరువు, తేదీ రాయాలి. నా చేతిరాతకు ఆఫీసులో పేరుండేది. శ్రద్ధగా రాశాను. కింద చిన్న అక్షరాలతో 'గమనిక: బరువులో ఒక శాతం అటూ ఇటూ ఉండవచ్చు' అని కూడా చేర్చాను. నలభై లేబుళ్లు అయ్యాక సుబ్బులు చూసింది. వాటిని పక్కన పెట్టి కొత్త కట్ట ఇచ్చింది.

ఆశమ్మ మాత్రం నోరు ఊరుకోలేదు. "సార్, గిట్ల రాస్తె తక్కువ తూగినం అనుకుంటరు పోరగాళ్లు. మేడం ఎప్పుడు జర ఎక్కువనే ఏస్తది."

ఆగస్టు 27, బుధవారం. వినాయక చవితి

షాపు సెలవు. ఉండ్రాళ్లు తింటుంటే సుబ్బులు అంది: "ఈ వానలకు కరివేపాకు నల్లబడిపోతోంది."

నేను అడగలేదు. తనంతట తానే అంది. ఒక వాక్యం.

సెప్టెంబర్ 3, బుధవారం

ఆశమ్మ నాకు కందిపప్పు వేయించడం నేర్పుతోంది. "గట్ల కాదు సార్, ఆగొద్దు, తిప్పుతనే ఉండాలె. వాసన మారంగనే దించాలె." వాసన మారడం అంటే ఎప్పుడు, ఎన్నో నిమిషం అని అడిగాను. ఆశమ్మ సుబ్బులు వైపు చూసింది, సుబ్బులు గోడ వైపు తిరిగింది. భుజాలు కదిలాయి. నవ్వుతోందని నా అంచనా.

మొదటి విడత మాడిపోయింది. దాన్ని కుటుంబ వినియోగం కింద ఇంటికి తెచ్చాం.

సెప్టెంబర్ 10, బుధవారం

స్వర్ణ మూడోసారి వచ్చింది. మధ్యాహ్నం భోజనానికి నేను ఇంటికి వచ్చి ఉన్నాను. కూర్చోకముందే మొదలుపెట్టాను. "రాసుకో అమ్మా. సుబ్బులు. పన్నెండు." పన్నెండు అంటే కూలికి మనిషిని పెట్టుకుని సొంత వ్యాపారం నడిపే యజమాని. నా ముప్ఫై ఆరేళ్ల ఉద్యోగంలో నేను ఎవరికీ యజమానిని కాను. "సోమవారం పదింపావు గంటలు, మంగళవారం పదిన్నర..." నోట్‌బుక్కు చూడకుండా అప్పజెప్పాను.

"అబ్బ సార్, మస్తు ప్రిపేరైండ్రు," అంది స్వర్ణ.

అప్పుడు అడిగాను. "జులైలో నేను చెప్పింది తప్పు. దాన్ని దిద్దగలవా?"

ఆమె నవ్వు ఆగింది. "అది ఎప్పుడో పోయింది సార్. నా చేతుల లేదు."

నాకు తెలుసు. పోయిన లెక్క పోయినట్టే. రేపు ఏ పిల్లో ఈ దేశపు వందేళ్ల ఉపాధి పట్టిక వేస్తే, అందులో 2025 జులై అని ఒక గడి ఉంటుంది. ఆ గడిలో సుబ్బులు ఏ పనీ చేయకుండా కూర్చుని ఉంటుంది. అలా కూర్చోబెట్టింది నేను. కోట్ల మందిలో ఒక్క మనిషి, వరస మీద వెంట్రుకంత తేడా కూడా రాదు. కానీ నా కంటికి ఆ వెంట్రుక కనపడుతోంది.

"మీరు సార్? మీరేమన్న పని చేసిండ్రా ఈ ఏడు రోజులల్ల?"

"నేను తొంభై నాలుగే. షాపుకు వెళ్తున్నాననుకో, ఊరికే, కాలక్షేపానికి."

స్వర్ణ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఎందుకు నవ్విందో ఆమె వెళ్లాక అర్థమైంది.

సాయంత్రం సుబ్బులుకు చెప్పాను. ముందు నాలుగు మాటలు అనుకున్నాను గానీ నోట్లోంచి రెండే వచ్చాయి. "ఆ రోజు తప్పు రాయించాను. ఇప్పుడు దిద్దడానికి లేదట."

"తెలుసు. ఆ అమ్మాయి చెప్పింది."

పొయ్యి మీది పాలు దించింది. తర్వాత అడిగింది. "రేపు మిరపకాయల తొడిమలు తీయాలి. ఖాళీయేనా?"

"ఖాళీయే," అన్నాను.

సెప్టెంబర్ 11, గురువారం

తుమ్ములు ముప్ఫై ఒకటి. ఆశమ్మ లెక్కలో ముప్ఫై మూడు. నా పద్ధతి సరైనది.

సెప్టెంబర్ 19, శుక్రవారం

బతుకమ్మకు ఊళ్లకు పోయే పిల్లలు వరసలో నిలబడ్డారు. హాస్టల్‌లో తినే పొడిని ఇంటికి పట్టుకుపోతారట! "మా అమ్మకు రుచి చూపిస్త అంకుల్," అన్నాడొకడు. అంకుల్ అంటే నేనే. పట్టిక ఈ నెల తెరవలేదు. శ్రీలక్ష్మి షాపుకొచ్చి నువ్వుల పొడి కొని, డేటా సార్ ఇక్కడున్నారా అని ఆశ్చర్యపోయింది. నేను తూచి ఇచ్చాను. జర ఎక్కువే వేశాను.

సెప్టెంబర్ 30, మంగళవారం

సుబ్బులు ఈ రోజు తనంతట తానుగా పలికిన వాక్యాలు: నాలుగు. అందులో మూడు పని గురించి. నాలుగోది, "చొక్కాకి పసుపు అంటింది."

బాగానే ఉంది గానీ ఇది కబుర్లు కాదు. అడుగుదామని నోటిదాకా వస్తుంది. అడిగితే మళ్లీ "తెలియదు, లేదు, వర్తించదు" అంటుందేమోనని భయం. షాపులో పక్కపక్కనే నిలబడతాం, మధ్యలో కాటా. ఇంటికి నడిచి వచ్చేటప్పుడు తను ముందు, నేను నాలుగడుగులు వెనక. నాకు ఆ కబుర్లు కావాలి. ఇంత వయసొచ్చి ఈ మాట డైరీలో రాసుకోవలసి వచ్చింది. ఎలా అడగాలో తెలియడం లేదు.

అక్టోబర్ 7, మంగళవారం

దసరా సెలవులయ్యాయి. పిల్లలు తిరిగొచ్చారు. మాడకుండా వేయించాను, వరుసగా మూడు విడతలు. ఆశమ్మ చిటికెడు నోట్లో వేసుకుని, "పాస్," అంది. సుబ్బులు కాస్త వాసన చూసింది. ఆ పప్పే పొడికి వాడింది.

అక్టోబర్ 12, ఆదివారం

స్వర్ణ నాలుగోసారి, చివరిసారి వచ్చింది. ఆదివారమైతే ఇద్దరం ఇంట్లో ఉంటామని సుబ్బులే ఆమెకు చెప్పిందట. నాకు తెలియదు.

సుబ్బులు తన జవాబులన్నీ తనే చెప్పుకుంది. నేను నోరు మెదపలేదు. ముప్ఫై ఆరేళ్లలో ఒక ఆడమనిషి మొదటి నుంచి చివరిదాకా తన లెక్క తను చెప్పగా పక్కన కూర్చుని వినడం ఇదే మొదలు. ఎంత స్పష్టంగా చెప్పింది! ఎన్ని కిలోలు, ఎన్ని హాస్టళ్లు, ఎన్ని గంటలు. అన్నీ నోటి మీదే.

"ఇగ సార్‌ది," అంది స్వర్ణ నా వైపు తిరిగి. "గడిచిన ఏడు రోజులల్ల..."

"తొంభై..." అన్నాను.

"మీరాగండి," అంది సుబ్బులు. "ఈయనది నేను చెబుతాను."

చెయ్యి తుడుచుకుని నా పక్క కుర్చీలోనే కూర్చుంది. "ఆదివారం సెలవు. సోమవారం నాలుగున్నర గంటలు, లేబుళ్లు. మంగళవారం ఐదు, పప్పు వేయించారు, బాగా వేయించారు. బుధవారం మిరపకాయలు, ఎక్కువసేపు తుమ్ముతూనే ఉన్నారు, రెండు వేసుకో. గురువారం నాలుగు. శుక్రవారం నాలుగు ముప్పావు, పిండి గిర్నీ దగ్గర వరసలో నిలబడింది కూడా కలిపాను. శనివారం ఆరు. నిన్న మధ్యాహ్నం నడుం పట్టేసింది, అయినా కూర్చోలేదు."

నేను ఆమె గంటలు లెక్కపెట్టడానికి ఎదురు హోటల్లో వారం రోజులు టీలు తాగి నిఘా పెట్టాను. తను నా గంటలు ఎప్పుడు లెక్కపెట్టింది? ఒక్కసారి కూడా తలెత్తి నా వైపు చూసినట్టు లేదే. పావుగంటతో సహా చెప్పింది.

స్వర్ణ వేలు ట్యాబ్ మీద ఆగింది. "మరి సార్‌ని ఏమని రాయాలె మేడం? సార్, మీరే చెప్పండ్రి, మీకు తెలుసు గదా."

తెలుసు. ఇంటివాళ్ల వ్యాపారంలో జీతం లేకుండా సాయం చేసే మనిషికి ఒక అంకె ఉంది, ఇరవై ఒకటి. దేశమంతా తిరిగి వేల మందికి వేశాను. అందులో మగవాళ్లకు వేసినవి నా చేతివేళ్లకు మించవు.

"ఇరవై ఒకటి," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"జీతం ఏమన్న ఇస్తున్నరా మేడం?" స్వర్ణ అడిగింది. షెడ్యూలు ప్రకారం అడగాలి మరి.

సుబ్బులు నా వైపు చూసింది. మూడు నెలల్లో మొదటిసారి తిన్నగా చూసింది. చొక్కా మీద పసుపు మరకను చూసి, వేలితో ఒకసారి తుడిచి చూసి, అది పోదని తెలిసి వదిలేసింది.

"ఇప్పటిదాకా ఏమీ లేదమ్మా," అంది. "రేపట్నుంచి మాట్లాడతాలే."

స్వర్ణ ట్యాబ్‌లో కబుర్ల జీతానికి గడి లేదు. 'లేదు' అని నొక్కి, గట్టిగా నవ్వి లేచింది. నేను ఆమెను గేటు దాకా సాగనంపి, అక్కడే నిలబడి కళ్లు తుడుచుకున్నాను. మిరపకాయలు కూడా లేవు సాకు చెప్పడానికి. నాకు చాలా సంతోషంగా ఉంది.

అక్టోబర్ 13, సోమవారం

ఏడింటికి ఇద్దరం కలిసి బయల్దేరాం. ఈ రోజు రాయడానికి తీరిక లేదు. సుబ్బులు ఇంకా చెబుతూనే ఉంది.